ఒక హోల్ నష్టం ఆ హోల్‌తోనే ఆగాలి

(హైదరాబాద్‌లో అమెచ్యూర్ గోల్ఫర్ల వారాంతపు సమావేశంలో ఒక కోచ్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే రౌండ్ ముగించుకుని, ఇంటికి కూడా వెళ్లకుండా వచ్చి కూర్చున్నవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. సంతోషం. స్కోర్‌కార్డు జేబులో ఉంటే తీసి దగ్గర పెట్టుకోండి. కాసేపట్లో దాంతో పని ఉంది.

ముందు ఒక చిన్న లెక్క. మీరు 90 కొట్టారనుకుందాం, అంటే 18 హోల్స్‌కి కలిపి 90 షాట్లు. ఒక్కో స్వింగ్‌కి రెండు సెకన్లు వేసుకున్నా మొత్తం మూడు నిమిషాలు. రౌండ్‌కి పట్టేదేమో నాలుగు గంటల పైనే. ఆ మూడు నిమిషాల కోసం మనం కోచ్‌ల దగ్గరకు వెళ్తాం, రాత్రిళ్లు వీడియోలు చూస్తాం, లక్షలు పోసి క్లబ్బులు (గోల్ఫ్ కర్రలు) కొంటాం. మిగతా నాలుగు గంటలు మనసుతో ఏం చేయాలో ఎవరూ చెప్పరు, మనమూ అడగం. క్రికెట్‌లో బంతి మన మీదకు దూసుకొస్తుంది, ఆలోచించేంత టైమ్ ఉండదు. ఇక్కడ బాల్ కదలకుండా కూర్చుని మన కోసం ఎదురుచూస్తుంది. భయపడటానికి కావలసినంత తీరిక ఇస్తుంది.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్క సంగతి. 18, 20 హ్యాండిక్యాప్ దగ్గర, అంటే పార్ (కోర్సుకి నిర్ణయించిన షాట్ల సంఖ్య) కంటే సుమారు అన్ని షాట్లు ఎక్కువ కొట్టే స్థాయి దగ్గర, ఏళ్ల తరబడి ఆగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లను అక్కడ కట్టిపడేస్తున్నది చెడ్డ షాట్ తర్వాత కొట్టే షాట్. చెడ్డ షాట్లు అందరికీ పడతాయి, 5 హ్యాండిక్యాప్ వాళ్లకీ పడతాయి. దాని తర్వాత వచ్చే పది నిమిషాల్లోనే మనకీ వాళ్లకీ తేడా వస్తోంది.

హ్యాండిక్యాప్ లెక్కలోనే ఈ మాట దాగి ఉంది. 2020లో వచ్చిన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ ప్రకారం మీ చివరి 20 రౌండ్లలో మంచివి 8 తీసుకుని, వాటి సగటుతో హ్యాండిక్యాప్ ఇండెక్స్ కడతారు. మిగిలిన 12 పక్కకు పోతాయి. ఇది అందరికీ తెలిసిందే, ఫోన్‌లో రోజూ చూసుకుంటున్నదే. కానీ దాని అర్థం ఏమిటి? మూడో హోల్‌లో 9 కొట్టి, ఇవాళ్టికి అయిపోయిందని మీరు తల పట్టుకున్న రౌండ్ మహా అయితే ఆ 12లో ఒకటవుతుంది. దానికి ఇండెక్స్ కుప్పకూలదు. అదే రౌండ్‌ని ఓపిక పట్టి ఆడుకుంటూ వస్తే ఆ 8లో చోటు దొరకొచ్చు. మనసులో వదిలేసిన రౌండ్‌కి మాత్రం ఆ అవకాశం ఉండదు.

ఇంకో నియమం కూడా ఉంది. నెట్ డబుల్ బోగీ. బోగీ అంటే హోల్ పార్ కంటే ఒకటి ఎక్కువ, డబుల్ బోగీ అంటే రెండు ఎక్కువ. మీ కోర్స్ హ్యాండిక్యాప్ 18 అయితే ప్రతి హోల్‌కీ ఒక స్ట్రోక్ (షాట్) వెసులుబాటుగా వస్తుంది. పార్-4లో, అంటే నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్‌లో, మీరు 10 కొట్టినా హ్యాండిక్యాప్ లెక్కకు 7 మాత్రమే తీసుకుంటారు. నాలుగుకు రెండు, దానికి మీ స్ట్రోక్ ఒకటి. అంతకు మించి ఆ హోల్ మిమ్మల్ని ఏమీ చేయలేదు. ఈ నియమం పెట్టినవాళ్లు ఒక హోల్ నష్టానికి హద్దు గీశారు. మన మనసే ఆ హద్దు గీసుకోలేదు. ఐదో హోల్ చిరాకుని ఆరుకి, ఏడుకి మోసుకుపోతుంది. ఆ మోతకి ఏ నియమమూ అడ్డు రాదు.

నా దగ్గర నేర్చుకునే ఒక ఇంజనీరు గారి కార్డు చెబుతాను. మొదటి నాలుగు హోల్స్ 5, 4, 5, 5. ఆయన స్థాయికి బ్రహ్మాండమైన ఆరంభం. ఐదోది పార్-4, టీ షాట్, అంటే మొదటి షాట్, ఓబీ (కోర్సు హద్దు బయట). 8 పడింది. ఆరోది 7. ఏడోది 7. ఎనిమిది నుంచి మళ్లీ మామూలుగా ఐదులే. ఆరో హోల్ సంగతి అడిగాను. అది సన్నటి ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన దారి). ఆయన ఎప్పుడూ ఐరన్ క్లబ్‌తో ఆడే హోల్. ఆ రోజు అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్, డ్రైవర్ తీశారట. ఎందుకండీ అంటే, "పోయినవి రాబట్టుకోవాలి కదా" అన్నారు.

పోయినచోటే వెతుక్కోవాలంటారు మన పెద్దలు. గోల్ఫ్‌లో ఆ మాట పట్టుకుంటే మునిగిపోతాం. ఐదో హోల్‌లో రాసిన 8ని చెరిపే షాట్ ఆరో హోల్‌లో ఎక్కడా లేదు. ఆ ఓబీ ఖరీదు మూడు స్ట్రోకులు. దాన్ని రాబట్టే ప్రయత్నానికి ఇంకో నాలుగు పోయాయి.

ఇప్పుడు మీ కార్డులు చూడండి. అన్నిటికంటే పెద్ద అంకె ఎక్కడుందో చూసి, దాని తర్వాతి రెండు హోల్స్ చూడండి... చాలామంది తలలు ఊపుతున్నారు. ఈ పని ప్రతి రౌండ్ తర్వాతా చేయండి. స్వింగ్‌ని వీడియో తీసుకుంటాం కదా, ఈ రెండు హోల్స్ మీ మనసు తీసిన వీడియో.

పెద్దవాళ్లకు ఇది జరగదని అనుకోకండి. స్కాట్లాండ్‌లో కార్నూస్టీ అనే కోర్సు ఉంది. దాని 18వ హోల్ పార్-4. బ్యారీ బర్న్ అనే చిన్న వాగు ఆ హోల్‌లో మెలికలు తిరుగుతూ పోతుంది. ఆ ఒక్క హోల్ దగ్గర ఎనిమిదేళ్ల తేడాతో రెండు బ్రిటిష్ ఓపెన్ టోర్నీలు తేలాయి. గోల్ఫ్‌లో మనసు గురించి ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే చాలని నా నమ్మకం.

మొదటిది 1999. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ వాన్ డె వెల్డె మూడు షాట్ల ఆధిక్యంతో ఆఖరి టీ (హోల్ మొదలుపెట్టే చోటు) మీదకు వచ్చారు. డబుల్ బోగీ, అంటే 6 కొట్టినా ట్రోఫీ ఆయనదే. డ్రైవర్ తీశారు. బాల్ కుడికి బాగా పక్కకు పోయింది గానీ నీళ్లలో పడలేదు. అక్కడి నుంచి 2-ఐరన్‌తో గ్రీన్‌కి (జెండా ఉండే నున్నటి గడ్డికి) కొట్టారు. అది ప్రేక్షకుల స్టాండ్ రెయిలింగ్‌కి తగిలి వెనక్కి ఎగిరొచ్చి, మోకాలెత్తు గడ్డిలో పడింది. మూడో షాట్ ఆ గడ్డిలోంచి వాగు దాటించబోతే వాగులో పడింది. షూస్, సాక్స్ విప్పి, ప్యాంటు మడిచి, ఆయన నీళ్లలోకి దిగి నిలబడిన ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. చివరికి అక్కడి నుంచి కొట్టే ఆలోచన మానుకుని డ్రాప్ తీసుకున్నారు, అంటే ఒక స్ట్రోక్ జరిమానాతో బాల్‌ని బయట వేసుకున్నారు. తర్వాతి షాట్ బంకర్‌లో (ఇసుక గుంతలో). అక్కడి నుంచి తీసి, పుట్ (గ్రీన్ మీద బాల్‌ని దొర్లించే షాట్) వేసి 7 చేశారు. స్కోర్లు సమమై, ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచారు. ఆ రోజు పొద్దున లారీ పది షాట్లు వెనకబడి మొదలుపెట్టారు.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ డ్రైవర్ తీయడమే తప్పంటారు. నేను అలా అనుకోను. డ్రైవ్ బతికిపోయింది. రెండో షాట్ కూడా రెయిలింగ్ వల్ల అలా అయింది. నా దృష్టి మూడో షాట్ మీద ఉంటుంది. గడ్డిలోంచి పక్కకు ఎలాగోలా బయటపడి, నాలుగోది గ్రీన్ మీద వేసి, రెండు పుట్లు వేస్తే 6. ఆ 6 చాలు. కానీ రెండు షాట్లు బెడిసికొట్టిన మనిషికి ఆ క్షణంలో పక్కదారి కనిపించదు. నేరుగా ముందున్న జెండానే కనిపిస్తుంది. మన వాళ్లు చెట్ల మధ్య రెండడుగుల సందులోంచి 3-వుడ్ (దూరం కొట్టే క్లబ్) కొట్టబోయేది కూడా ఆ చూపుతోనే.

రెండోది 2007. అదే హోల్. ఐర్లాండ్ ఆటగాడు పాడ్రిగ్ హారింగ్టన్ ఒక షాట్ ఆధిక్యంతో అదే టీ మీద నిలబడ్డారు. డ్రైవ్ బ్యారీ బర్న్‌లో పడింది. డ్రాప్ తీసుకుని కొట్టిన మూడో షాట్, గ్రీన్ ముందు మళ్లీ అదే వాగులో. ఆధిక్యం పోయింది. ట్రోఫీని చేజేతులా పోగొట్టుకున్నానని, అంతా అయిపోయిందని అనిపించిందని తర్వాత ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. అక్కడి నుంచి బాల్ దగ్గరకు నడిచినంతసేపూ బ్యాగ్ మోసే క్యాడీ రోనన్ ఫ్లడ్ ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక్కో షాటే చూసుకుందాం, నువ్వు చిప్పింగ్‌లో (గ్రీన్ దగ్గరి చిన్న షాట్లలో) గొప్పవాడివి, ఇలాంటి మాటలే. మొదట హారింగ్టన్‌కి అవేవీ చెవికెక్కలేదు. నడక ముగిసేసరికి మాత్రం ఆయన మనసు ముందున్న షాట్ మీదకు వచ్చింది. ఐదో షాట్ జెండా దగ్గర ఆగింది. పుట్ పడింది. 6. తర్వాత ఆయనతో పోటీలో ఉన్న సెర్హియో గార్సియా అదే హోల్‌లో బోగీ చేయడంతో ప్లేఆఫ్‌కి వెళ్లి, నాలుగు హోల్స్‌లో ఒక షాట్ తేడాతో హారింగ్టన్ గెలిచారు.

రెండుసార్లు నీళ్లలో వేసినవాడు గెలిచాడు, ఒక్కసారి వేసినవాడు ఓడాడు. స్వింగ్‌లో ఇద్దరూ ఆ హోల్ దగ్గర తడబడినవాళ్లే. ఆ నడకలో హారింగ్టన్ వెనక్కి వచ్చాడు. మనం నేర్చుకోవలసింది ఆ నడక.

అది నేర్చుకోగలిగేదే, స్వింగ్ కంటే తేలిక కూడా. షాట్ పాడయ్యాక కోపం వస్తుంది, రానివ్వండి. అణిచిపెడితే అది చేతుల్లోకి దిగుతుంది. క్లబ్ బ్యాగ్‌లో పెట్టేవరకు దానికి టైమ్ ఇవ్వండి. అప్పుడు గ్లవ్ తీసేయండి. గ్లవ్ లేనంతసేపూ మీరు నడుస్తున్న మనిషి, గోల్ఫర్ కాదు. పక్కవాళ్లతో మాట్లాడండి, చెట్లు చూడండి, నీళ్లు తాగండి. ముక్కుతో గాలి లోపలికి నాలుగు లెక్కపెట్టేదాకా, బయటికి ఆరు లెక్కపెట్టేదాకా. ఊపిరి వదలడం పీల్చడం కంటే నిదానంగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. బాల్ దగ్గరకు వచ్చాక గ్లవ్ మళ్లీ వేసుకోండి. వేసుకుంటున్నప్పుడు ఒక్క ప్రశ్న. "నేను కొట్టాలనుకున్న షాట్‌ని ఇక్కడి నుంచి పదిసార్లు కొడితే ఎన్నిసార్లు పడుతుంది?" ఏడు కంటే తక్కువని మనసు చెబితే ఆ షాట్ మీది కాదు. పక్కకు తీయండి. బోగీతో బయటపడండి. మన స్థాయిలో బోగీ గౌరవమైన స్కోరే. అన్ని హోల్స్‌లోనూ బోగీ కొడితే 18 హ్యాండిక్యాప్.

ఇక బాల్ ముందు నిలబడ్డాక ఏం జరుగుతోందో దగ్గరగా చూద్దాం. ప్రాక్టీస్ చేసే రేంజ్ మీద మనవాళ్ల చేతులు గమనిస్తుంటాను. క్లబ్ కింద పెట్టిన మూడు, నాలుగు సెకన్ల వరకు వేళ్లు మెత్తగానే ఉంటాయి. ఆ తర్వాత ఎడమచేతి చివరి మూడు వేళ్ల కణుపులు తెల్లబడతాయి. మోచేతి కింది కండరం బిగుస్తుంది. భుజం ఒక అంగుళం చెవి వైపు లేస్తుంది. అప్పటికింకా బాల్ కొట్టలేదు, కానీ స్లైస్ (కుడికి వంగిపోయే షాట్) తయారైపోయింది. బిగిసిన మణికట్టు క్లబ్ ముఖాన్ని సమయానికి మూయలేదు. ఆ బిగుతు ఎందుకొచ్చింది? నిర్ణయం ఇంకా పూర్తికాలేదు కాబట్టి. 7 ఐరనా, 6 ఐరనా అని లోపల ఇంకా చర్చ నడుస్తోంది.

స్వీడన్‌కు చెందిన కోచ్ పియా నిల్సన్, ఆమెతో కలిసి పనిచేసే లిన్ మారియట్ దీనికి చక్కటి విరుగుడు చెప్పారు. బాల్ వెనక ఒక గీత ఉందనుకోండి. గీతకు వెనక ఆలోచన. గాలి, దూరం, క్లబ్, ఎక్కడ దింపాలి, అన్నీ అక్కడే తేల్చుకోవాలి. గీత దాటాక ఆలోచన లేదు, కొట్టడమే. నిల్సన్ దగ్గర తయారైన ఆనికా సోరెన్‌స్టామ్ 2001లో ఒక రౌండ్‌లో 59 కొట్టారు. మహిళల ఎల్‌పీజీఏ టూర్‌లో 60 లోపు వచ్చిన తొలి స్కోరు అది. ఆమె గీత దాటితే వెనక్కి చూసే పని ఉండేది కాదు. మీరు గీత దాటాక సందేహం వస్తే మళ్లీ వెనక్కి రండి, సిగ్గుపడక్కర్లేదు. 2019 నుంచి రూల్స్‌లో ఒక షాట్‌కి 40 సెకన్లు చాలని సూచిస్తున్నారు. వెనక ముప్పై, ముందు పది, సరిగ్గా సరిపోతాయి.

గీత దాటాక మోచేయి, తుంటి, మణికట్టు గురించి ఆలోచన పనికిరాదు. గాబ్రియెల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు 1999లో పిచ్ షాట్లు (గ్రీన్ మీదకు ఎత్తుగా వేసే చిన్న షాట్లు) నేర్చుకునేవాళ్లను రెండు గుంపులు చేసి చూశారు. తమ చేతుల కదలిక మీద దృష్టి పెట్టినవాళ్ల కంటే క్లబ్ ఊపు మీద దృష్టి పెట్టినవాళ్లే బాగా కొట్టారు. స్వింగ్ పాఠాలన్నీ రేంజ్ మీద వదిలి రండి. కోర్సులో బాల్ దిగాల్సిన చోటు ఒక్కటి చాలు.

ఆ చోటుని ఎలా చెప్పుకుంటామన్నది కూడా ముఖ్యమే. డేనియల్ వెగ్నర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ బృందం 1998లో ఒక ప్రయోగం చేసింది. పుట్ వేసేవాళ్లకు, గుర్తు దాటి పోనివ్వద్దని చెప్పింది. మనసు మీద వేరే భారం పెట్టినప్పుడు వాళ్ల బాల్ సరిగ్గా గుర్తు దాటే పోయింది. ఇప్పుడు మన క్యాడీలు టీ మీద ఏమంటారో గుర్తు తెచ్చుకోండి. "సార్, ఎడమవైపు నీళ్లున్నాయి, చూసుకోండి." పాపం వాళ్లు మన మంచికే చెబుతారు. కానీ ఆ మాట విన్నాక మన కళ్లకి నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. రౌండ్ మొదలయ్యే ముందే మీ క్యాడీతో చెప్పండి. "తమ్ముడూ, ఎక్కడ కొట్టకూడదో నాకు చెప్పొద్దు, ఎక్కడ కొట్టాలో చెప్పు. కుడివైపు ఆ బండ మీదుగా అని చెప్పు చాలు." హారింగ్టన్ పక్కన నడిచిన క్యాడీ చేసిందీ అలాంటి సాయమే. మన కోర్సుల్లో ఏళ్ల తరబడి బ్యాగులు మోస్తున్న క్యాడీలకు ఈ ఆట మనకంటే బాగా తెలుసు. వాళ్లను గౌరవంగా అడిగితే రౌండ్‌కి రెండు స్ట్రోకులు తప్పకుండా కాపాడతారు.

(సభలోంచి ఒకరు: సార్, నాకు మొదటి టీ దగ్గరే చేతులు వణుకుతాయి. వెనక నలుగురూ నిలబడి చూస్తుంటే...)

మంచి ప్రశ్న. అది మనందరికీ ఉంది. నలుగురిలో పరువు అనేది మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి నూరిపోసిందే కదా. వణుకు ఆపాలని చూడకండి, ఆగదు. ఒత్తిడి ఉన్నప్పుడు గుండె వేగం పెరగడం శరీరం చేసే మామూలు పని. 2025 ఏప్రిల్‌లో మాస్టర్స్ టోర్నీ ఆఖరి రోజు రోరీ మెకిల్‌రాయ్ రెండు షాట్ల ఆధిక్యంతో మొదలుపెట్టి, మొదటి హోల్‌లోనే డబుల్ బోగీ చేశారు. పదమూడో హోల్‌లో చేతిలో వెడ్జ్ (దగ్గరి షాట్ల క్లబ్) ఉండి కూడా నీళ్లలో వేసి ఇంకో డబుల్ బోగీ. 18లో చిన్న పుట్ పోయింది. అన్నీ అయ్యాక ప్లేఆఫ్‌లో జస్టిన్ రోజ్ మీద బర్డీతో (పార్ కంటే ఒకటి తక్కువ) గెలిచి, నాలుగు మేజర్ టోర్నీలూ గెలవడం పూర్తి చేశారు. అంతటివాడికే మొదటి టీ దగ్గర అలా అయితే మనకు కావడం సహజం. మీరు చేయాల్సిందల్లా, వణికే చేతులతో కూడా కొట్టగలిగే క్లబ్ తీసుకోవడం. డ్రైవర్ తప్పనిసరి కాదు. డ్రైవర్ కంటే తేలికగా ఆడగలిగే హైబ్రిడ్ క్లబ్‌తో 160 గజాలు ఫెయిర్‌వేలో వేసి నడవడం మొదలుపెడితే, రెండో షాట్‌కల్లా వణుకు సగం తగ్గుతుంది. దూరం తక్కువని చిన్నబుచ్చుకోకండి. టోక్యో ఒలింపిక్స్‌లో మన అదితి అశోక్ పోటీలో ఉన్నవాళ్ల కంటే డ్రైవ్ చాలా తక్కువ దూరం కొట్టి కూడా, పుటర్ బలంతో నాలుగో స్థానంలో నిలిచింది. కాంస్యానికి ఒకే ఒక్క షాట్ తేడా.

(ఇంకొకరు: పుట్ల సంగతి చెప్పండి సార్. మూడడుగులవి కూడా పోతున్నాయి. పందెం ఉన్న రోజైతే మరీ.)

రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి ఇక్కడ. మొదట ఆశ ఎంత పెట్టుకోవాలో చూద్దాం. అమెరికా పీజీఏ టూర్ ప్రొఫెషనల్స్ ఎనిమిదడుగుల నుంచి సుమారు సగం పుట్లే హోల్‌లో వేయగలరు. మనం ఎనిమిదడుగుల పుట్ పోతే తల కొట్టుకుంటాం. ఆ కోపంతోనే తర్వాతి మూడడుగులది పోతుంది. పొడవు పుట్‌ని దగ్గరగా ఆపడమే లక్ష్యంగా పెట్టుకోండి, పడితే అదృష్టం.

ఇక మూడడుగులది. అక్కడ కళ్లు ఏం చేస్తున్నాయో గమనించండి. కెనడాలో కాల్గరీ యూనివర్సిటీకి చెందిన జోన్ వికర్స్ పుట్ వేసేవాళ్ల చూపుని కొలిచారు. బాగా ఆడేవాళ్ల చూపు బాల్ మీద ఒకే చోట రెండు, మూడు సెకన్లు నిలబడుతుంది, కొట్టాక కూడా క్షణంపాటు అక్కడే ఉంటుంది. తడబడేవాళ్ల చూపు హోల్‌కీ, బాల్‌కీ, పుటర్‌కీ మధ్య పరుగులు పెడుతుంది. పందెం ఉన్న రోజు మీ చూపు హోల్ వైపు ముందే పారిపోతోంది, దాంతోపాటు భుజం తిరుగుతోంది, బాల్ పక్కకు పోతోంది. కాబట్టి బాల్ వెనక భాగంలో ఒక చిన్న చుక్క పెట్టుకోండి, మార్కర్ పెన్నుతో. ఆ చుక్కనే చూస్తూ కొట్టండి. బాల్ వెళ్లిపోయాక అది ఉన్న చోట గడ్డినే చూడండి. పడిందో లేదో చెవితో వినండి.

ఇంట్లో కార్పెట్ మీద రాత్రి పడుకునే ముందు ఇలా ఒక పది నిమిషాలు వేయండి. హోల్ అక్కర్లేదు, గోడకేసి కొట్టినా చాలు. అలవాటు కావలసింది కళ్లకి. రెండు వారాల తర్వాత మళ్లీ కలిసినప్పుడు మూడడుగుల పుట్లు ఎన్ని వేశారో, ఎన్ని పోయాయో కార్డు పక్కన రాసి తీసుకురండి. స్కోరు చెప్పక్కర్లేదు. ఆ అంకెలు చూసి, పెద్ద అంకె తర్వాతి రెండు హోల్స్ చూసి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.